మెజారిటీ 351 అయినా 50 వేలైనా అవే ఐదు వీవీప్యాట్లా?

ఎన్నికల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే గొడవ. ఓడినవాళ్లు ఈవీఎంల మీద పడతారు. గెలిచినవాళ్లు ఓటమిని జీర్ణించుకోలేక అంటున్న మాటలివి అని కొట్టిపారేస్తారు. ఐదేళ్లు తిరిగేసరికి ఇద్దరూ మాటలు మార్చుకుంటారు. 2019లో సగం వీవీప్యాట్లలో, అంటే ఓటు ఎవరికి పడిందో కాగితం మీద ముద్రించి చూపే యంత్రాల్లో, స్లిప్పులు లెక్కించాలంటూ 21 పార్టీలు సుప్రీంకోర్టుకు వెళ్తే, ఆ పిటిషన్‌లో మొదటి పేరు చంద్రబాబు నాయుడిది. 2024 జూన్ 4న ఫలితాలు వస్తే, రెండు వారాలకే పేపర్ బ్యాలెట్‌కు మళ్లాలని రాసినవారు జగన్‌మోహన్‌రెడ్డి. ఎవరి వాదన ఎప్పుడు పుట్టిందో చూస్తే, వాళ్లు యంత్రం గురించి మాట్లాడుతున్నారో ఫలితం గురించి మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది.

ఆ గొడవలో పడి ఎవరూ పట్టించుకోని ప్రశ్న ఒకటుంది. ప్రతి అసెంబ్లీ నియోజకవర్గంలో ఐదు బూత్‌ల వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెట్టి ఈవీఎం అంకెతో సరిచూస్తున్నాం కదా, ఆ ఐదు ఏ లెక్కన వచ్చింది? 2024లో మడకశిరలో మెజారిటీ 351. అదే ఏడాది 50 వేలు దాటిన మెజారిటీలూ ఉన్నాయి. రెండుచోట్లా తనిఖీ చేసింది ఐదే. నా ఉద్దేశంలో ఇక్కడే పొరపాటు జరుగుతోంది. ఎన్ని వీవీప్యాట్లు లెక్కించాలన్నది మెజారిటీని బట్టి మారాలి. పెద్ద మెజారిటీ వచ్చినచోట ఐదు చాలు. చిన్న మెజారిటీ వచ్చినచోట ఐదు లెక్కించినా లెక్కించకపోయినా పెద్ద తేడా ఉండదు.

479 అనే అంకె కథ

2018 నుంచి నియోజకవర్గానికి ఒక్క బూత్ చొప్పున స్లిప్పులు లెక్కించేవారు. అది చాలదన్న విమర్శలు రావడంతో ఎన్నికల సంఘం గణాంక నిపుణులను అడిగింది. దేశం మొత్తం మీద 479 యంత్రాలను యాదృచ్ఛికంగా ఎంచి సరిచూస్తే చాలని వాళ్లు తేల్చారు. ఆ 479 ఒకే ఒక్క తేడా లేకుండా సరిపోతే, దేశంలోని యంత్రాల్లో 2 శాతం కంటే తక్కువే చెడిపోయాయని 99.9936 శాతం నమ్మకంతో చెప్పొచ్చని నివేదిక. గణితంలో తప్పేమీ లేదు, 0.98ని 479 సార్లు హెచ్చవేసి ఒకటిలోంచి తీసేస్తే ఎవరికైనా దాదాపు అదే వస్తుంది. మేం ఇప్పటికే 4,125 చోట్ల లెక్కిస్తున్నాం, కావలసిన దానికి ఎనిమిది రెట్లు ఎక్కువ అని సంఘం కోర్టుకు చెప్పుకుంది. కోర్టు 2019 ఏప్రిల్ 8న ఒకటిని ఐదు చేసింది. అంటే 20,625 అయింది. ఐదెందుకు, ఏడెందుకు కాదు అనడానికి ఆ తీర్పులో గణితమేమీ లేదు. ప్రజలకు మరికాస్త నమ్మకం కలగడానికి పెంచిన అంకె అది.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలని మనవాళ్లు అంటారు. నిజమే, గిన్నె ఒకటే అయినప్పుడు. దేశమంతా ఒకే గిన్నె అయితే 479 మెతుకులు దండి. కానీ ఎన్నికలో దేశమంతటికీ కలిపి ఒక ఫలితం రాదు. ప్రతి నియోజకవర్గం విడి గిన్నె. మడకశిరలో ఏం జరిగిందో తెలియడానికి మచిలీపట్నంలో సరిపోయిన స్లిప్పులు సాక్ష్యం కావు. నిపుణులకు ఎలా ప్రశ్న వేస్తే అలాగే జవాబిచ్చారు, వాళ్ల తప్పేమీ లేదు. ప్రశ్నే తప్పుగా వేశారు. అడగాల్సింది "దేశంలో ఎన్ని యంత్రాలు చెడి ఉండొచ్చు" అని కాదు, "ఈ నియోజకవర్గంలో ప్రకటించిన విజేత నిజంగా విజేతేనా" అని.

ఐదింటితో ఏం దొరుకుతుంది

అంకెలు వేసి చూద్దాం. ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో 250 బూత్‌లు, బూత్‌కు సుమారు వెయ్యి ఓట్లు పోలయ్యాయనుకుందాం. ఒక బూత్‌లో లెక్క తప్పితే, కారణం మోసమైనా లోపమైనా, మహా అయితే 200 ఓట్లు ఒకరి నుంచి ఇంకొకరికి మారాయనుకుందాం. అంతకు మించి మారితే ఆ ఊళ్లో పార్టీ ఏజెంటుకే అనుమానం వస్తుంది, "మన వాడకట్టులో మనకు ఇన్నేనా" అని. 200 ఓట్లు అటు నుంచి ఇటు వస్తే మెజారిటీలో తేడా 400.

మెజారిటీ 50 వేలైతే ఫలితం తారుమారు కావడానికి 125 బూత్‌లలో, అంటే సగం బూత్‌లలో లెక్క తప్పి ఉండాలి. లాటరీ తీసి ఐదు బూత్‌లు ఎంచితే వాటిలో కనీసం ఒక్కటైనా ఆ 125లోది అయ్యే అవకాశం 97 శాతం. ఇక్కడ ఐదు చక్కగా పనిచేస్తుంది. ఇంతకంటే లెక్కించమనడం కాలయాపనే.

మెజారిటీ 10 వేలైతే 25 బూత్‌లలో లెక్క తప్పినా చాలు. ఐదు ఎంచితే ఆ పాతికలో ఒక్కటీ తగలకుండా పోయే అవకాశం 59 శాతం. 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే 27 బూత్‌లు లెక్కించాలి. మెజారిటీ 4 వేలైతే 10 బూత్‌లు. తప్పిపోయే అవకాశం 81 శాతం, లెక్కించాల్సినవి 64. 2 వేలైతే ఐదే బూత్‌లు. తప్పిపోయే అవకాశం 90 శాతం, లెక్కించాల్సినవి 112. ఇక 351 దగ్గరికి వస్తే ఒక్క బూత్‌లో 176 ఓట్లు మారినా చాలు. 250లో ఆ ఒక్కటీ మన ఐదులో పడే అవకాశం 2 శాతం. ఇలాంటి చోట ఎన్ని బూత్‌లు ఎంచాలా అని లెక్కలు వేసుకుంటూ కూర్చోవడం కంటే అన్ని స్లిప్పులూ లెక్కపెట్టడమే దారి.

ఇవేమీ ఊహలో పుట్టిన మెజారిటీలు కావు. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలింది. 2018లో ఆసిఫాబాద్ 171, ధర్మపురి 441. 2023లో చేవెళ్ల 268. ధర్మపురి వివాదం హైకోర్టుకెక్కి, రికార్డులు చూడ్డానికి 2023 ఏప్రిల్‌లో జగిత్యాల దగ్గరి స్ట్రాంగ్ రూం తెరవమంటే తాళంచెవులు కనిపించలేదు. కౌంటింగ్ రోజున గంటల్లో తేల్చగలిగిన అనుమానం నాలుగున్నరేళ్లు కోర్టులో నలిగింది.

మైదుకూరు 63వ బూత్

ఎన్నికల సంఘం వాదనలో బలముంది, దాన్ని పక్కన పెట్టలేం. ఇప్పటిదాకా 4 కోట్లకు పైగా స్లిప్పులను ఈవీఎం అంకెలతో సరిచూశామని, తేడా ఒక్కచోటే వచ్చిందని సంఘం 2024లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ ఒక్కటీ మన దగ్గరే. 2019లో మైదుకూరు నియోజకవర్గం, 63వ నంబరు బూత్. పొద్దున చేసిన మాక్ పోలింగ్ ఓట్లను ప్రిసైడింగ్ అధికారి యంత్రంలోంచి తుడిచేయకపోవడం దానికి కారణం.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే వీవీప్యాట్ ఎందుకు కావాలో తేలిగ్గా అర్థమవుతుంది. పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 మాక్ ఓట్లు వేస్తారు, నోటాతో సహా ప్రతి మీటా ఒక్కసారైనా నొక్కి. తర్వాత ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్ మీద వరుసగా క్లోజ్, రిజల్ట్, క్లియర్ నొక్కాలి. వీవీప్యాట్ పెట్టెలో పడిన మాక్ స్లిప్పులు తీసి, వెనకవైపు ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు చేయాలి. రెండు వేర్వేరు పనులు. క్లియర్ నొక్కడం మరిచిపోతే యంత్రంలో 50 ఓట్లు ఎక్కువుంటాయి. స్లిప్పులు తీయడం మరిచిపోతే పెట్టెలో 50 ఎక్కువుంటాయి. ముందురోజు రాత్రి బడి వరండాలో పడుకుని, తెల్లవారుజామున ఐదున్నరకు ఈ పనులు చేసేది బడిపంతులో, వ్యవసాయ విస్తరణాధికారో. అలసట, కంగారు, బయట అప్పుడే పేరుకుంటున్న క్యూ. పొరపాటు జరక్కపోతేనే ఆశ్చర్యపోవాలి.

అంటే దొరికిన తప్పు చిప్‌లో లేదు, మనిషి చేతిలో ఉంది. ఈవీఎంలను సమర్థించేవారు దీన్ని చూపించి యంత్రం నిర్దోషి అంటారు. నేను అందులో వేరే సంగతి చూస్తున్నాను. ఆ బూత్ లాటరీలో పడబట్టి మనకు తెలిసింది. లాటరీలో పడని బూత్‌లలో ఇలాంటి పొరపాట్లు ఉంటే వాటిని బూత్‌లో పోలైన ఓట్ల సంఖ్య రాసే 17సీ ఫారంలోని మొత్తంతో పోల్చి పట్టుకోవాలి. అది ఏజెంటు దగ్గర నకలు ఉంటేనే, కౌంటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నవాడికి ఆ నకలు అందితేనే.

యంత్రం కూడికలో ఏ తప్పూ చేయకపోయినా ఫలితం తారుమారు కావడానికి హర్యానా ఉదాహరణ చూడండి. 2022 నవంబరులో పానిపట్ జిల్లా బువానా లఖూ గ్రామ సర్పంచ్ ఎన్నికలో ఒక బూత్ ఓట్లు ఇద్దరు అభ్యర్థుల మధ్య తారుమారుగా నమోదయ్యాయి. చివరికి సుప్రీంకోర్టు యంత్రాలను తన ఆవరణకే తెప్పించి రిజిస్ట్రార్ చేత లెక్క పెట్టించింది. ఓడాడన్న వ్యక్తి 51 ఓట్లతో గెలిచినట్టు 2025 ఆగస్టులో తేలింది. ఐదేళ్ల సర్పంచ్ పదవిలో దాదాపు మూడేళ్లు అప్పటికే అయిపోయాయి.

మరి హ్యాకింగ్ సంగతి?

2010లో హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరు వేమూరి హరిప్రసాద్ ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి అసలైన ఈవీఎం మీదే రెండు పద్ధతులు చేసి చూపించారు. ఒకటి, అచ్చం అలాగే కనిపించే డిస్‌ప్లే బోర్డు బిగించి తప్పుడు అంకెలు చూపించడం. రెండు, మెమరీ చిప్‌కు చిన్న పరికరం తగిలించి ఓట్లు మార్చడం. రెండింటికీ యంత్రాన్ని విప్పి చేతిలో పెట్టుకోవాలి. యంత్రాన్ని ముట్టుకోకుండా దూరంగా కూర్చుని చేసేవి కావు. యంత్రం దొంగిలించారన్న ఆరోపణ మీద ఆయన్ను అరెస్టు చేశారు గానీ, ఆ తర్వాతే వీవీప్యాట్ డిమాండ్ ఊపందుకుంది. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదటిసారి వాడారు.

ఇప్పటి మూడో తరం యంత్రాల్లో కంట్రోల్ యూనిట్‌కు అభ్యర్థి ఎవరో తెలియదు, ఎన్నో నంబరు మీట నొక్కారో మాత్రమే తెలుసు. అందుకే ముందుగా ఒక పార్టీకి అనుకూలంగా ప్రోగ్రామ్ చేయలేరన్నది సంఘం వాదన. మంచి వాదనే. కానీ వీవీప్యాట్‌కు అభ్యర్థుల పేర్లు, గుర్తులు తెలియాలి, లేకపోతే ప్రింటు రాదు. వాటిని సింబల్ లోడింగ్ యూనిట్ అనే పెట్టెతో ఎక్కిస్తారు. పైగా ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్ నుంచి వచ్చే తీగ నేరుగా కంట్రోల్ యూనిట్‌కు కాక వీవీప్యాట్ మీదుగా వెళ్తుంది. సుప్రీంకోర్టు కూడా 2024 ఏప్రిల్ 26 తీర్పులో ఆ లోడింగ్ యూనిట్లను కూడా సీలు చేసి 45 రోజులు దాచమంది.

ఇక్కడ నేను తేల్చుకున్నది ఇది: హ్యాక్ చేయొచ్చా లేదా అన్న చర్చకు అంతు లేదు. చేయలేరని ఎవరూ రుజువు చేయలేరు, చేశారని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు. ఓటరు 7 సెకన్లు కళ్లారా చూసిన కాగితం పెట్టెలో పడి ఉండగా ఆ చర్చ అవసరమే లేదు. కాగితాలు సరిపడా లెక్కపెడితే చిప్ మంచిదైనా చెడ్డదైనా తేడా బయటపడుతుంది.

అనవసరమైన అనుమానాలూ ఉన్నాయి, వాటిని వదిలించుకోవాలి. 2024 హర్యానా కౌంటింగ్‌లో కొన్ని యంత్రాల బ్యాటరీ 99 శాతం చూపించడం మీద పెద్ద రచ్చ జరిగింది. ఆ యంత్రాల్లో ఉండేది ఆల్కలైన్ బ్యాటరీ, ఫోన్ బ్యాటరీ కాదు. వోల్టేజీ ఒక స్థాయికి పైన ఉన్నంతసేపూ డిస్‌ప్లే 99 అనే చూపిస్తుంది, అంతకు దిగితేనే అంకె తగ్గుతుంది. ఇలాంటివాటి మీద అరిచిన ప్రతిసారీ అసలైన ప్రశ్న బలం తగ్గుతోంది.

పేపర్ బ్యాలెట్ తిరిగొస్తే

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో అక్కడి ఓటింగ్ యంత్రాలు చెల్లవంది. ఓటు లెక్క సరిగా జరిగిందో లేదో మామూలు పౌరుడు ప్రత్యేక పరిజ్ఞానం లేకుండా చూసుకోగలగాలన్నది ఆ తీర్పు సారం. ఆ సూత్రం నాకు నచ్చింది. కానీ దానికి జవాబు పేపర్ బ్యాలెట్ ఒక్కటే అనుకోను. మన అనుభవం వేరు. బూత్‌లు ఆక్రమించి గంటలో కట్టలకు కట్టలు గుద్దిపారేసిన రోజులు మన పెద్దవాళ్లకు బాగా గుర్తు. ఈవీఎం నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు, క్లోజ్ నొక్కితే ఆగిపోతుంది. ఆ మేలు చిన్నది కాదు.

దూరం పోనక్కర్లేదు, 2020 డిసెంబరులో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు పేపర్ బ్యాలెట్‌తోనే జరిగాయి. ఓల్డ్ మలక్‌పేటలో ఒక కమ్యూనిస్టు పార్టీ గుర్తు బదులు ఇంకో కమ్యూనిస్టు పార్టీ గుర్తు అచ్చయింది, రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది. స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే ముద్ర ఉన్న ఓట్లు కూడా చెల్లుతాయని లెక్కింపు ముందురాత్రి ఉత్తర్వు ఇస్తే హైకోర్టు నిలిపేసింది. నేరేడ్‌మెట్‌లో వేరే ముద్రపడిన ఓట్లు ఆధిక్యం కంటే ఎక్కువుండటంతో ఫలితమే ఆగిపోయింది. సిరా అంటుకున్న ఓటు, రెండు గడుల మధ్య పడ్డ ముద్ర, ఇవన్నీ మళ్లీ వస్తాయి. ఈవీఎంకు వీవీప్యాట్ జత చేస్తే రెండు లెక్కలుంటాయి, ఒకటి తప్పితే ఇంకొకటి పట్టిస్తుంది. పేపర్ బ్యాలెట్‌కు ఉండేది ఒక్క లెక్కే.

నేరేడ్‌మెట్ ఫలితం ఎందుకు ఆగిందో గమనించండి. సందేహంలో ఉన్న ఓట్లు ఆధిక్యం కంటే ఎక్కువ కాబట్టి. అవి ఆధిక్యం కంటే తక్కువైతే ఎవరూ ఆపేవారు కాదు.

ఈ సూత్రం ఇప్పటికే మన నిబంధనల్లో ఉంది

నేను అడుగుతున్నది కొత్తదేమీ కాదనడానికి ఇదే ఆధారం. పోస్టల్ బ్యాలెట్లలో చెల్లనివిగా తేల్చిన వాటి సంఖ్య మెజారిటీ కంటే ఎక్కువుంటే, ఫలితం ప్రకటించేముందు చెల్లని ఓట్లన్నీ మళ్లీ పరిశీలించాలని సంఘం సూచనలు ఉన్నాయి. మాక్ పోలింగ్ ఓట్లు తుడిచేయని యంత్రాలను కౌంటింగ్‌లో పక్కన పెడతారు. మెజారిటీ ఆ బూత్‌లలో పోలైన ఓట్ల కంటే ఎక్కువుంటే వాటిని ముట్టుకోరు, తక్కువుంటే స్లిప్పులు లెక్కపెడతారు. అంటే మెజారిటీని చూసి శ్రమ ఎంత పడాలో నిర్ణయించుకోవడం సంఘానికి తెలిసిన పద్ధతే. వీవీప్యాట్ తనిఖీకి వచ్చేసరికి మాత్రం ఆ తర్కం వదిలేసి అందరికీ ఐదు అంటోంది.

అభ్యర్థి అడిగితే ఎక్కువ స్లిప్పులు లెక్కించే వీలు కూడా నిబంధనల్లో ఉంది. ఎన్నికల నిర్వహణ నియమావళిలోని 56డీ ప్రకారం ఏ బూత్ స్లిప్పులైనా లెక్కించమని రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టొచ్చు. తేడా వస్తే స్లిప్పుల లెక్కే చెల్లుతుందని కూడా అందులో ఉంది. అయితే ఒప్పుకోవాలా వద్దా అన్నది అధికారి ఇష్టం. గెలిచినవాళ్లు హాల్లో డప్పులు కొట్టిస్తుండగా, జిల్లా యంత్రాంగమంతా ఇంటికి వెళ్లే తొందరలో ఉండగా, ఆ దరఖాస్తు ఎంతమంది అధికారులు ఒప్పుకుంటారో ఊహించొచ్చు. అందుకే దీన్ని ఇష్టానికి వదలకుండా, మెజారిటీ ఇంత ఉంటే ఇన్ని అని పట్టీగా రాసిపెట్టాలి.

అమెరికాలో మెజారిటీని బట్టి తనిఖీ చేసే ఈ పద్ధతి 2017లో కొలరాడోతో రాష్ట్రవ్యాప్తంగా మొదలైంది. 2020లో జార్జియాలో దాదాపు 50 లక్షల ఓట్లలో తేడా కొన్ని వేలే, అంత చిన్న తేడాకు మచ్చుకు కొన్ని తీయడం కంటే మొత్తం చేత్తో లెక్కించడమే మేలని అదే చేశారు. ఫ్లాయిడ్ అనే కౌంటీలో 2,600 దాకా బ్యాలెట్లు అసలు స్కానింగే కాలేదని అప్పుడే బయటపడింది. ఫలితం మారలేదు, లెక్క మాత్రం సరిదిద్దుకున్నారు. ఇంత చేసినా ఓడిన పక్షం నమ్మిందా అంటే, నమ్మనివాళ్లు నమ్మలేదు. నన్ను కాస్త ఆలోచనలో పడేసేది ఇదే. తనిఖీ అందరి నోళ్లూ మూయించదు. కానీ నిజాయితీగా సందేహించేవాడికి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇప్పుడు మడకశిర లాంటి చోట అలాంటి ఓటరుకు చూపించడానికి మన చేతిలో ఏముంది?

"రోజులు పడుతుంది" అన్న మాట

సమయం గురించిన అభ్యంతరాన్ని జాగ్రత్తగా చూడాలి. ఒక బూత్ స్లిప్పులు లెక్కించడానికి సుమారు గంట. 250 బూత్‌లలో సగం అంటే 125 గంటలు, రాత్రింబవళ్లు ఆపకుండా చేసినా ఐదు రోజుల పైనే. 2019లో రోజుల తరబడి ఆలస్యమవుతుందని చెప్పింది ఈ లెక్కతోనే. అయితే ఈ లెక్కలో ఒక సంగతి దాగి ఉంది. స్లిప్పులు లెక్కించేది ఒకే ఒక్క టేబుల్ మీద, జాలీ కట్టిన ఒకే గదిలో, ఒకదాని తర్వాత ఒకటి. అదే హాల్లో ఈవీఎంల కోసం వేసిన 14 టేబుళ్లు అప్పటికి ఖాళీ.

ఆ 14 టేబుళ్లు వాడితే గంటకు 14 బూత్‌లు. 10 వేల మెజారిటీకి 27 బూత్‌లు రెండు గంటల్లో అవుతాయి. ఇప్పుడు ఒకే టేబుల్ మీద ఐదు బూత్‌లకు పట్టే సమయంలో సగం కూడా కాదు. 4 వేలకు 64 బూత్‌లు, ఐదు గంటలు. 2 వేలకు 112, ఎనిమిది గంటలు. మొత్తం 250 అంటే 18 గంటలు. అదీ మెజారిటీ వందల్లో ఉన్నచోటే, ఒక రాష్ట్రంలో అలాంటివి ఏ కొన్నో ఉంటాయి. మిగతాచోట్ల ఫలితం అదే రోజు వచ్చేస్తుంది.

చేతి లెక్కలో ఇబ్బందులు లేవని కాదు. స్లిప్పు వేలెడంత థర్మల్ కాగితం, చుట్టుకుపోతుంది, ఒకదానికొకటి అతుక్కుంటుంది. అభ్యర్థికొక గడి చొప్పున ఉన్న చెక్క అరల్లో వేసి, 25కొక కట్ట కట్టి లెక్కపెడతారు. పాతికలో 24 వచ్చిన కట్ట ఒకటి కలిస్తే ఒక ఓటు తేడా. అందుకే ఒకటి రెండు ఓట్ల తేడాకే గగ్గోలు పెట్టకుండా, ఇంకో బృందంతో రెండోసారి లెక్కించాలని నియమం ఉండాలి. రెండోసారీ తేడా నిలిస్తే స్లిప్పు లెక్కే ఖాయం చేయాలి. ఆ తేడాకు కారణం, అంటే మాక్ స్లిప్పులో, తుడవని ఓట్లో, రికార్డుల్లో దొరికితే అక్కడితో ఆపొచ్చు. దొరక్కపోతే మరిన్ని బూత్‌లు తెరవాలి. ఇప్పుడున్న నిబంధనల్లో అతి పెద్ద ఖాళీ ఇదే. ఐదులో ఒకటి తేడా వస్తే ఆ బూత్ అంకె సరిచేయమని ఉంది గానీ, మిగతా 245 గురించి ఏం చేయాలో లేదు. తేడా దొరికాక ఏం చేయాలో చెప్పని తనిఖీ తనిఖీయే కాదు.

స్లిప్పుల మీద బార్‌కోడ్ వేసి యంత్రంతో లెక్కించే ఆలోచన చేయమని 2024 తీర్పు సూచించింది. నాకది అంతగా రుచించదు. బార్‌కోడ్‌ను ఓటరు చదవలేడు. ఓటరు చూసింది గుర్తు, యంత్రం లెక్కించేది గీతలు అయితే మొదటికే వచ్చాం. గుర్తునే చదివే స్కానరైతే సరే.

ఓడినవారు తర్వాత అడిగే పద్ధతి

అదే తీర్పు రెండో, మూడో స్థానాల్లో ఉన్న అభ్యర్థులకు ఒక హక్కు ఇచ్చింది. ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడిగితే నియోజకవర్గంలో 5 శాతం యంత్రాల మెమరీని వాటిని తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు పరిశీలిస్తారు. 2024లో దీనికి ఒక్కో సెట్‌కు జీఎస్టీతో కలిపి 47,200 రూపాయలు కట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది మన రెండు రాష్ట్రాల నుంచీ దరఖాస్తులు వెళ్లాయి. తీరా సంఘం రాసుకున్న విధానంలో అసలు పని మాక్ పోలింగే, ఒక్కో యంత్రంలో 1,400 దాకా ఓట్లు వేసి సరిగా కూడుతోందో లేదో చూడటం. ఒంగోలు అభ్యర్థి దీని మీదే అభ్యంతరం చెప్పి హైకోర్టుకు వెళ్లారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఆగస్టులో యంత్రం సరిగా కూడిందంటే మే నెలలో పడిన ఓట్లు సరిగా లెక్కించారని అర్థం కాదు. తనిఖీ పేరుతో యంత్రంలోని డేటా తుడిచేయొద్దని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పాల్సి వచ్చింది. ఆ డబ్బు, ఆ ఇంజినీర్ల సమయం కౌంటింగ్ రోజునే అదనంగా స్లిప్పులు లెక్కించడానికి పెట్టి ఉంటే ఎంత మేలు జరిగేది.

పార్టీల బాధ్యత కూడా తక్కువేం కాదు. ఎన్నికలకు నెలల ముందు జిల్లా గోదాముల్లో యంత్రాల మొదటి దశ తనిఖీ జరుగుతుంది. ఒక శాతం యంత్రాల్లో 1,200 ఓట్లు, 2 శాతంలో వెయ్యి, ఇంకో 2 శాతంలో 500 వేసి చూపిస్తారు. పార్టీలకు పిలుపు వెళ్తుంది, వచ్చేవాళ్లు కొద్దిమంది. పోలింగ్ రోజు ఏజెంటు చేయాల్సిన పనులు నాలుగు: కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్ నంబర్లు ముందుగా ఇచ్చిన జాబితాతో సరిచూసుకోవడం, మాక్ ఓట్లు తుడిచాక మొత్తం సున్నా చూపించిందని కళ్లారా చూడటం, సాయంత్రం క్లోజ్ నొక్కారని చూసుకోవడం, 17సీ నకలు సంతకంతో తీసుకోవడం. వీవీప్యాట్‌ను కిటికీకి ఎదురుగానో బల్బు కిందో పెడితే వెలుతురుకు సెన్సార్ మొరాయిస్తుంది, 2018 కైరానా ఉప ఎన్నికలో యంత్రాలు ఆగడానికి ఒక కారణం అదే. అది కూడా పొద్దున్నే చూసి చెప్పగలిగింది ఏజెంటే. ఇవి చేయని పార్టీ ఫలితాల రోజు సాయంత్రం యంత్రాన్ని తిడితే దానికి విలువేముంటుంది?

మెజారిటీని బట్టి స్లిప్పులు లెక్కించడానికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. 56డీ ఉంది, స్లిప్పు లెక్కే చెల్లుతుందన్న మాట అందులోనే ఉంది, రిటర్నింగ్ అధికారులకు సూచనలిచ్చే అధికారం సంఘానికి ఉంది. రాసిపంపాల్సింది ఒక పేజీ పట్టీ, దానితోపాటు 14 టేబుళ్ల మీదా స్లిప్పులు లెక్కించొచ్చన్న అనుమతి, తేడా వస్తే తర్వాత ఎన్ని బూత్‌లు తెరవాలన్న నియమం. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు గెలిచి ఉన్నవాళ్లు, ఓడి ఉన్నవాళ్లు కలిసి ఈ మూడింటినీ అడగొచ్చు. వచ్చే ఎన్నికల్లో ఎవరు 300 ఓట్లతో ఓడతారో ఇప్పుడైతే ఇద్దరికీ తెలియదు కాబట్టి, అడగడానికి ఇదే సరైన సమయం.